ఇంట్లో ఒకరు గుర్రమెక్కితే: స్వారీ చేయని రెండోవారికి ఒక కరదీపిక

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికే అలారం మోగుతుంది. ఇద్దరిలో ఒకరు లేచి, బూట్లూ హెల్మెట్టూ సంచిలో వేసుకుని రైడింగ్ స్కూల్‌కు బయలుదేరతారు. రెండోవారు తలుపు వేస్తూ "జాగ్రత్త" అంటారు. ఆ తరువాత మూడు గంటలు ఫోన్ ఎప్పుడు మోగుతుందోనని కూర్చుంటారు. బెంగళూరు, చెన్నై, పుణె, ముంబై లాంటి నగరాల్లో స్థిరపడిన మన కుటుంబాల్లో కొన్నింటికి ఇది ఇప్పుడు అలవాటైన ఉదయం. భార్య స్వారీ చేస్తూ భర్త ఇంట్లో ఉండవచ్చు, భర్త స్వారీ చేస్తూ భార్య ఉండవచ్చు. గుర్రమెక్కని ఆ రెండోవారి కోసమే ఈ వ్యాసం.

మేము చెప్పదలచినది ఒక్కటే. భయం ఉండటం తప్పు కాదు. కానీ దాన్ని రోజూ హెచ్చరికగా వినిపిస్తే ఎవరికీ లాభం లేదు. అదే భయాన్ని చేతిలో పనిగా మార్చుకుంటే స్వారీ చేసేవారికి రక్షణ, మీకు నిమ్మళం. ఆ పనులు ఏమిటో, ఏవి చేయకూడదో ఇక్కడ వరుసగా ఇస్తున్నాం.

ముందు ఇది ఏ స్వారీయో తెలుసుకోండి

ఊటీలోనో మాథెరాన్‌లోనో గుర్రమెక్కి ఫొటో దిగడం వేరు. అక్కడ పగ్గం గుర్రపువాడి చేతిలో ఉంటుంది, ఎక్కినవారు కూర్చుంటే చాలు. రేసు కోర్సులో పరుగుపందెం వేరు. అది జాకీల వృత్తి. మీ ఇంటివారు నేర్చుకుంటున్నది ఈ రెండూ కాదు. గుర్రంతో మాట లేకుండా కాలితో, చేతితో, నడుముతో సంభాషించే విద్య అది. నెలల తరబడి నడక, ట్రాట్, క్యాంటర్ అనే మూడు గమనాల మీదే సాధన సాగుతుంది. నడకలో అడుగు నాలుగు దెబ్బలుగా వినిపిస్తుంది, ట్రాట్‌లో రెండు, క్యాంటర్‌లో మూడు. కళ్లు మూసుకుని వింటే మీకూ తేడా తెలుస్తుంది.

పోటీల్లో ప్రధానంగా మూడు విభాగాలు ఉంటాయి. డ్రెస్సాజ్‌లో ముందే నిర్ణయించిన కదలికల వరుసను గుర్రం ఎంత నిలకడగా, ఎంత తేలిగ్గా చేసిందో న్యాయనిర్ణేతలు మార్కులతో తేలుస్తారు. షో జంపింగ్‌లో అడ్డంకులు దాటాలి. అడ్డంకి పడగొడితే నాలుగు తప్పు పాయింట్లు. మూడోది ఈవెంటింగ్. ఇందులో డ్రెస్సాజ్, బయలు మైదానంలో క్రాస్ కంట్రీ, షో జంపింగ్ మూడూ ఉంటాయి. ఒలింపిక్ క్రీడల్లో స్త్రీ పురుషులు ఒకే పోటీలో తలపడే ఆట ఇది.

మన దేశంలో ఈ ఆట సైన్యానిదే అన్న అభిప్రాయం చాలాకాలం ఉండేది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మనకు అశ్వక్రీడల్లో స్వర్ణాలు వచ్చాయి. తరువాత 41 ఏళ్లకు, 2023లో హాంగ్‌ఝౌలో, డ్రెస్సాజ్ జట్టు మళ్లీ స్వర్ణం తెచ్చింది. అనుష్ అగర్వల్లా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా ఆ జట్టు సభ్యులు. నలుగురిలో ఇద్దరు అమ్మాయిలు. బెంగళూరుకు చెందిన ఫవాద్ మీర్జా 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈవెంటింగ్ వ్యక్తిగత రజతం గెలిచి, టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచాడు. "ఇదేం ఆట, మనవాళ్లు ఆడేదేనా?" అని ఇంటికొచ్చిన చుట్టాలు అడిగితే చెప్పడానికి ఈ నాలుగు మాటలు చాలు.

గుర్రం ఎలా ఆలోచిస్తుంది?

స్వారీ రాకపోయినా గుర్రం తీరు తెలియాలి. సవారీ గుర్రం బరువు సాధారణంగా 400 నుంచి 600 కిలోలు ఉంటుంది. అంత పెద్ద జంతువైనా, అడవిలో పులికీ తోడేలుకూ ఆహారమైన జాతి కనుక దాని మొదటి ఆలోచన పారిపోవడమే. కోపంతో చేసే పనికన్నా ఉలిక్కిపడి చేసే పనివల్లే మనుషులకు దెబ్బలు తగులుతాయి.

దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందుకే దాదాపు చుట్టూ అంతా చూడగలదు. కనపడని చోట్లు రెండే: ముక్కుకు సరిగ్గా ఎదురుగా కొంతమేర, తోక వెనుక. ఈ రెండు చోట్ల నుంచీ దగ్గరకు వెళ్లకూడదు. ముందు పేరు పెట్టి పిలిచి, భుజం వైపు నుంచి, ఏటవాలుగా నడిచి వెళ్లాలి. ముందుగా మెడనో భుజాన్నో తాకాలి, ముఖాన్ని కాదు. వెనుకగా దాటాలంటే కాలు అందనంత దూరం, కనీసం మూడు మీటర్లు, వదిలి దాటాలి.

చెవులను గమనించండి. ముందుకు నిక్కితే దేన్నో ఆసక్తిగా చూస్తోంది. ఒక చెవి అటూ ఇటూ తిరుగుతుంటే వింటోంది. రెండు చెవులూ వెనక్కి మెడకు అంటుకుపోతే అది కోపం, దగ్గరకు పోవద్దు. తోక విసురు ఈగల కోసం కావచ్చు, చిరాకు కూడా కావచ్చు. ఒక వెనుక కాలు వదులుగా ఆనించి నిలబడితే ఎక్కువగా అది విశ్రాంతే.

తినిపించే ముందు తప్పనిసరిగా అడగాలి. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపులో తేడా వస్తే అది కోలిక్ అనే ప్రాణాంతకమైన నొప్పిగా మారవచ్చు. దాణా ఏది మార్చినా వారం పది రోజులు కొద్దికొద్దిగా మార్చాలంటారు. పెళ్లి భోజనంలో మిగిలిన పూరీలూ లడ్డూలూ లాయానికి పట్టుకెళ్లడం ప్రేమ కాదు. అనుమతి ఉంటే కారెట్‌ను నిలువుగా చీల్చి, అరచేయి చాపి, వేళ్లు దగ్గరగా ఉంచి పెట్టండి. గుండ్రటి ముక్కలు గొంతుకు అడ్డం పడవచ్చు. చాక్లెట్ అసలే వద్దు. అందులోని పదార్థాలు పోటీల్లో నిషిద్ధ మందుల జాబితాలో ఉన్నాయి.

లాయంలో మీరు చేయగల పనులు

"నాకేం వస్తుంది, అక్కడ నిలబడటం తప్ప?" అనుకోకండి. నేర్చుకుంటే నేలమీద నిలబడే చేయగల పనులు చాలా ఉన్నాయి. ఏది మొదలుపెట్టినా ముందు శిక్షకుడినీ సైసునూ అడగండి.

మాలీసు: స్వారీకి ముందు గుర్రం ఒంటిమీద మట్టి దులపాలి. జీను వేసే చోట చిన్న గడ్డిపరక ఉన్నా ఒరుసుకుని పుండు అవుతుంది. బ్రష్ పట్టడం ఒక్క ఉదయంలో నేర్చుకోవచ్చు. గుర్రానికి మీరు అలవాటు పడే మంచి దారి కూడా ఇదే.

డెక్కల శుభ్రం: డెక్కలో రాళ్లు, పేడ ఇరుక్కుంటాయి. ఇది సైసు దగ్గర పక్కన నిలబడి నేర్చుకోవలసిన పని, చూసి చేసేది కాదు.

ఎక్కేటప్పుడు సాయం: గుర్రాన్ని ఎడమ వైపు నుంచి ఎక్కుతారు. ఆ సమయంలో మీరు కుడివైపు రికాబును కిందికి నొక్కి పట్టుకుంటే జీను పక్కకు జారదు. చిన్న పనే గాని రౌతుకు ఎంతో ఊతం. పొట్ట కింద బిగించే గర్త్ అనే పట్టీని ఎక్కే ముందు రెండోసారి చూశారా అని గుర్తుచేయండి. బిగించేటప్పుడు పొట్ట ఉబ్బించే గుర్రాలు ఉంటాయి. నాలుగడుగులు నడిచాక పట్టీ వదులవుతుంది.

నడిపించడం: గుర్రానికి ఎడమవైపు, భుజం పక్కన నడవాలి. పగ్గాన్ని చేతికి చుట్టుకోకూడదు. బెదిరి లాగితే వేళ్లు పోతాయి. మిగిలిన పగ్గాన్ని ముందుకూ వెనక్కూ మడిచి పట్టుకోవాలి.

చల్లార్చడం: స్వారీ అయ్యాక పది నిమిషాలు నడిపించి, పట్టీ వదులు చేసి, నీళ్లు చూపాలి. గుర్రం మామూలు రోజుల్లోనే 25 నుంచి 50 లీటర్ల నీళ్లు తాగుతుంది. చెన్నై, బరంపురం, యానాం లాంటి తీరప్రాంతపు ఉక్కలో ఇంకా ఎక్కువే కావాలి. వేసవిలో స్వారీ తెల్లవారుజామునే ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. అలారం మీద కోపం కూడా కొంత తగ్గుతుంది.

ఇంటి పని: జీను కింద వేసే గుడ్డకు వెంట్రుకలు అంటుకుని ఉంటాయి. వాటిని దులపకుండా వాషింగ్ మెషీన్‌లో వేస్తే మెషీన్ పాడవుతుంది. బూట్లు, కళ్లెపు తోలు ఎండలో ఆరబెట్టకూడదు, పగులుతాయి. నీడలో గాలి తగిలేలా ఆరనివ్వాలి. ముంబై, చెన్నై వానల్లో తోలుకు బూజు పడుతుంది, వారానికోసారి పొడి గుడ్డతో తుడవాలి.

కంచె పక్కన నిలబడినప్పుడు

స్వారీ మైదానం పక్కన నిలబడేవారి వల్ల కూడా ప్రమాదాలు జరుగుతాయి. గొడుగు హఠాత్తుగా విప్పకండి. పైట, చున్నీ, ప్లాస్టిక్ సంచీ గాలికి ఎగరకుండా చూసుకోండి. ఫ్లాష్ వేయకండి, ఫోన్ నిశ్శబ్దంలో పెట్టండి. పిల్లలు పరుగెత్తకూడదు. మీ కుక్కను తేకండి. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, మూసి ఉంటే మళ్లీ మూయండి. ఇతరుల పిల్లలను వీడియో తీసే ముందు అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది నోరు. "మడమ కిందికి దించు", "వీపు నిటారుగా పెట్టు" అని కంచె అవతల నుంచి అరవకండి. శిక్షకుడి మాట, మీ మాట రెండూ చెవిలో పడితే స్వారీ చేసేవారు ఏదీ వినలేరు. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది" అని మన సామెత. రౌతు మనసు ఎటుపోతే గుర్రం దాన్ని పసిగడుతుంది. మీ కంగారు రౌతుకు, రౌతు కంగారు గుర్రానికి పాకుతుంది. కూర్చోలేకపోతే కాసేపు బయట నడిచి రండి. అదీ సాయమే.

వీడియో తీసిపెట్టమంటే తీయండి, అది నిజంగా పనికొస్తుంది. దూరంగా, కదలకుండా నిలబడి, గుర్రం మొత్తం, డెక్కలతో సహా, కనపడేలా తీయాలి. ముఖం ఒక్కటే తీస్తే శిక్షకుడికి ఉపయోగం లేదు. డ్రెస్సాజ్ నేర్చుకుంటుంటే ఇంకొక పని ఉంది. మైదానం చుట్టూ ఏ, కే, ఈ, హెచ్, సీ, ఎం, బీ, ఎఫ్ అని అక్షరాలు ఉంటాయి. 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవున్న చిన్న మైదానంలో వరుస ఇదే. ఏ అక్షరం దగ్గర ఏ కదలిక చేయాలో పక్క నుంచి చదివి వినిపించేవారు సాధనలో కావాలి. స్థానిక పోటీల్లో దీనికి అనుమతి ఉందో లేదో నిర్వాహకులను ముందే అడగండి. ఇంట్లో హాలులో నేలమీద చీటీలు పెట్టి ఇద్దరూ నడిచి కంఠస్థం చేయవచ్చు. పిల్లలకు ఇది సరదా ఆట.

రక్షణ సామగ్రి: ఇక్కడ గట్టిగా పట్టుబట్టండి

స్వారీ హెల్మెట్ విషయంలో రాజీ వద్దు. బైకు హెల్మెట్, సైకిల్ హెల్మెట్, క్రికెట్ హెల్మెట్ దీనికి బదులు కావు. పడే తీరు వేరు, దెబ్బ తగిలే చోటు వేరు. కొనేటప్పుడు లోపల ఏఎస్‌టీఎం ఎఫ్1163, పాస్ 015, వీజీ1 లాంటి ప్రమాణాల ముద్ర ఉందో లేదో చూడండి. ఒక్కసారి గట్టి దెబ్బ తగిలితే పైకి పగులు కనపడకపోయినా మార్చేయాలి. దెబ్బ తగలకపోయినా సుమారు అయిదేళ్లకు మార్చడం మంచిది. ఇంకొకరు వాడిన హెల్మెట్ కొనకండి, దాని చరిత్ర మనకు తెలియదు.

బూటుకు చిన్న మడమ ఉండాలి. మడమ లేని స్పోర్ట్స్ బూటు రికాబులోంచి లోపలికి జారుతుంది. పడినప్పుడు పాదం ఇరుక్కుని గుర్రం ఈడ్చుకెళ్లడం అన్నిటికన్నా ఘోరమైన ప్రమాదం. పాదం తేలిగ్గా విడిపోయే సేఫ్టీ రికాబులు దొరుకుతాయి. అడ్డంకులు దూకేవారికి ఛాతీ, వీపు కాపాడే బాడీ ప్రొటెక్టర్ కావాలి.

పుట్టినరోజుకో పెళ్లిరోజుకో ఏం ఇవ్వాలని అడిగితే మా సలహా ఇదే: ఖరీదైన కోటు కాదు, సరైన కొలతలో మంచి హెల్మెట్. కొలత కోసం వారిని దుకాణానికి తీసుకెళ్లండి. సొంతంగా తెచ్చి ఆశ్చర్యపరచాల్సిన వస్తువు కాదు.

ఇంకొక మాట. లాయపు మట్టిలో, పేడలో ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవి ఉంటుంది. పదేళ్లకోసారి వేయించుకోవలసిన ధనుర్వాతపు టీకా ఇద్దరికీ ఉందో లేదో చూసుకోండి. లాయానికి వెళ్లేది మీరు కూడా కదా.

పడినప్పుడు ఏం చేయాలి?

స్వారీ చేసేవారు ఎప్పుడో ఒకప్పుడు పడతారు. అది అనుకునే మాట కాదు గాని, సిద్ధంగా ఉండాల్సిన మాట. ఆ నిమిషంలో ఏం చేయాలో ముందే తెలిసి ఉంటేనే చేతులు ఆడతాయి.

ఒకటి. మైదానంలోకి పరుగెత్తకండి. మిగతా గుర్రాలు బెదురుతాయి. శిక్షకుడు అన్నిటినీ ఆపాక, నడిచి లోపలికి వెళ్లండి. వదిలిన గుర్రాన్ని తరమకండి, ఆ పని సైసుది. బయటి గేటు మూసి ఉందో లేదో చూడటం మీ పని.

రెండు. పడినవారిని వెంటనే లేపకండి. "లే, ఏం కాలేదు" అని చేయి పట్టి లాగడం మన అలవాటు. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలి ఉంటే ఆ లాగడమే జీవితాంతం మంచం పట్టించవచ్చు. మెడ నొప్పి, చేతులు కాళ్లలో తిమ్మిరి, కదలికలో లోపం ఉంటే, లేక స్పృహ తప్పి ఉంటే, ఉన్నచోటే కదలకుండా ఉంచి 108కి గాని 112కి గాని ఫోన్ చేయండి. ఊపిరికి అడ్డు లేనంతవరకు హెల్మెట్ తీయకండి.

మూడు. నీళ్లు, సోడా, కాఫీ తాగించకండి. శస్త్రచికిత్స అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి. వైద్యుడు చెప్పేదాకా సొంతంగా నొప్పి మాత్ర ఇవ్వకండి.

నాలుగు. లేచి నవ్వినా సరే, తలకు దెబ్బ తగిలితే ఆ రోజు మళ్లీ గుర్రమెక్కకూడదు, బండి నడపకూడదు. "పడ్డ వెంటనే మళ్లీ ఎక్కాలి, లేకపోతే భయం పట్టుకుంటుంది" అనే మాట లాయాల్లో వినిపిస్తుంది. తలకు తగిలిన దెబ్బ విషయంలో అది ప్రమాదకరమైన మాట. మెదడు అదురు లక్షణాలు కొన్ని గంటల తరువాత కూడా బయటపడవచ్చు. తలనొప్పి పెరగడం, మళ్లీ మళ్లీ వాంతి, అడిగిందే అడగడం, మగత, రెండు కంటిపాపలు ఒకేలా లేకపోవడం, మూర్ఛ, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటి ద్రవం కారడం: వీటిలో ఏది కనపడినా ఆస్పత్రికి ఆలస్యం చేయొద్దు. రక్తం పలచబడే మందులు వాడేవారైతే లక్షణాలు లేకపోయినా చూపించాలి. ఆ రాత్రి వారిని ఒంటరిగా వదలకండి. మళ్లీ ఎప్పుడు ఎక్కాలో వైద్యుడే చెప్పాలి, మీరూ కాదు, వారూ కాదు.

దీనికోసం ముందే చేసుకోవలసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. మైదానాలు ఊరి చివర ఉంటే అంబులెన్సు రావడానికి సమయం పడుతుంది. అక్కడికి దగ్గర్లో 24 గంటలూ సీటీ స్కాన్, ఎముకల వైద్యుడు ఉండే ఆస్పత్రి ఏదో ఒక మామూలు రోజున తెలుసుకుని పెట్టుకోండి. రక్తపు గ్రూపు, పడని మందులు, వాడే మందులు, బీమా నంబరు, మీ ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి స్వారీ సంచిలో ఒకటి, స్కూల్ ఆఫీసులో ఒకటి ఉంచండి. పక్క రాష్ట్రపు భాషలో మైదానం చిరునామా చెప్పడం మీకు అలవాటు లేకపోతే, కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో ఒడియాలోనో రాయించి దగ్గర పెట్టుకోండి. కంగారులో మాతృభాష ఒక్కటే నోటికి వస్తుంది.

గర్భం ధరించిన వారికి పడటం వల్ల వచ్చే ముప్పు ఎక్కువ కనుక, స్వారీ విషయం వైద్యురాలితో మాట్లాడి తేల్చుకోవాలి.

బీమా పత్రంలో ఒక వాక్యం

ఆరోగ్య బీమా పాలసీల్లో ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ప్రామాణిక మినహాయింపులు ఉంటాయి. వాటిలో తొమ్మిదవ కోడ్ సాహసక్రీడల గురించి. పారా జంపింగ్, పర్వతారోహణ, మోటారు రేసింగ్, స్కూబా డైవింగ్‌లతో పాటు గుర్రపు పందేలు కూడా అందులో పేరుతో ఉన్నాయి. కానీ ఆ వాక్యంలో "వృత్తిగా పాల్గొన్నప్పుడు" అన్న షరతు ఉంది. వారాంతంలో నేర్చుకునే స్వారీ, వృత్తిగా చేసే పందెం ఒకటి కాదు. క్లెయిమ్ తిరస్కరిస్తే ఈ తేడా మీద వాదించవచ్చు.

వ్యక్తిగత ప్రమాద బీమా షరతులు వేరుగా ఉంటాయి. కొన్నింటిలో ఏ సాహసక్రీడ అయినా మినహాయింపే. కాబట్టి స్వారీ చేస్తున్న సంగతి బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలిపి, రక్షణ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగానే జవాబు తెప్పించుకోండి. ఏజెంటు నోటిమాట చాలదు. రైడింగ్ స్కూల్‌లో చేరేటప్పుడు సంతకం చేసే పత్రాన్ని మీరూ ఒకసారి చదవండి. ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదని అందులో రాసి ఉంటుంది. ఈ కాగితాల పని రెండోవారిదైతే స్వారీ చేసేవారికి చాలా భారం తగ్గుతుంది.

డబ్బు, సమయం: ముందే మాట్లాడుకోండి

ఈ సాధనకు ఖర్చు ఉంది, దాచి లాభం లేదు. పాఠాల రుసుము, సామగ్రి, ప్రయాణం, పోటీ రుసుములు అన్నీ కలిపి నెలకు ఎంత అని ఇద్దరూ కూర్చుని రాసుకోండి. ఆ అంకె లోపల ఎంత ఖర్చయినా మళ్లీ అడగకూడదు. అది దాటితే స్వారీ చేసేవారే చెప్పాలి. ప్రతి పాఠం తరువాత లెక్క అడిగితే ఆనందం పోతుంది. ఎప్పుడూ అడగకపోతే ఒకనాడు గొడవ వస్తుంది.

గుర్రం కొందామన్న ఆలోచన వస్తే నిదానించండి. గుర్రం 25 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. పోటీల వయసు దాటాక కూడా దాన్ని పోషించాలి. దాని బరువులో రోజుకు 1.5 నుంచి 2.5 శాతం మేత కావాలి. అంటే 450 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 7 నుంచి 11 కిలోల ఎండు మేత. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు చెక్కి నాడాలు మార్చాలి. పళ్లు, టీకాలు, పురుగుల మందు, లాయపు అద్దె, సైసు జీతం ఇవన్నీ గుర్రం ఎక్కినా ఎక్కకపోయినా ఆగవు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అని పెద్దలు ఊరికే అనలేదు. కొనే ముందు స్కూల్ గుర్రాన్ని కొన్నాళ్లు లీజుకు తీసుకుని చూడటం తెలివైన పని.

సమయం కూడా డబ్బే. గంట స్వారీ అంటే ప్రయాణం, మాలీసు, చల్లార్చడం కలిపి సగం రోజు. వారంలో ఏ ఉదయాలు స్వారీవో క్యాలెండర్‌లో రాయండి. మీకంటూ అంతే సమయం, సంగీతమో నడకో నిద్రో, అదే క్యాలెండర్‌లో రాయండి. ఒకరి అభిరుచి ఇంకొకరి మీద ఇంటిపనిగా పడకూడదు. దగ్గరి చుట్టాల పెళ్లిళ్లు, తద్దినాలు, పండుగలు ముందే గుర్తుపెట్టుకుని పోటీ తేదీలు ఒప్పుకుంటే ఎవరి ముందూ తలవంచుకోనక్కర లేదు.

పెద్దలకు ఏం చెప్పాలి?

కోడలు స్వారీ చేస్తుందంటే మన ఇళ్లలో ఇంకా గుసగుసలు ఉంటాయి. అల్లుడు చేస్తే "షోకు" అంటారు, కోడలు చేస్తే "ఇల్లు పట్టదు" అంటారు. ఈ మాటలకు జవాబు స్వారీ చేసేవారు చెప్పుకోకూడదు. ఎవరి అమ్మానాన్నలకు వారే చెప్పాలి. "అత్తయ్యగారూ, నేను జాగ్రత్తగానే చేస్తున్నాను" అని కోడలు నచ్చజెప్పుకోవడం కన్నా, "అమ్మా, ఆ ఉదయం ఇల్లు నేను చూసుకుంటాను, తనకు ఇది మంచిది" అని కొడుకు అంటే మాట అక్కడితో ఆగుతుంది.

వీలైతే పెద్దవారిని ఒకసారి లాయానికి తీసుకెళ్లండి. కుర్చీ వేసి నీడలో కూర్చోబెట్టండి. వెనుకటి తరంలో జట్కాబండి ఎక్కినవారికి గుర్రం పరాయిది కాదు. ఉలవల సంగతి ఎత్తితే చాలు, గుగ్గిళ్ల కథలు వాళ్లే మొదలుపెడతారు.

లాయంలో పనికొచ్చే మాటలు

లాయం అన్న మాట తెలుగులో, తమిళంలో ఒకటే, కన్నడంలో లాయ. గుర్రం కన్నడంలో కుదురె, తమిళంలో కుదిరై, మరాఠీలో ఘోడా, ఒడియాలో ఘొడా. కళ్లెం కన్నడంలో కడివాణ, తమిళంలో కడివాళం, మరాఠీలో లగామ్. జీను తమిళంలో చేణం, మరాఠీలో ఖోగీర్. డెక్క కన్నడంలో గొరసు, తమిళంలో కుళంబు. నాడా కన్నడంలో లాళ, తమిళంలో లాడం, మరాఠీలో నాల. ఉలవలు కన్నడంలో హురుళి, తమిళంలో కొళ్ళు, మరాఠీలో కుళిత్, ఒడియాలో కొలథ. సైసును వారి భాషలో పలకరించండి. మీ ఇంటివారి గుర్రం ఈరోజు సరిగా తిన్నదో లేదో మొదట తెలిసేది అతనికే.

తిరిగి వచ్చాక అడగవలసిన మాట

ఇంటికి రాగానే "పడలేదు కదా?" అని అడిగితే మీ భయం చెప్పినట్టు. "ఈరోజు గుర్రం ఎలా ఉంది?" అని అడిగితే వారి రోజు అడిగినట్టు. గుర్రం పేరు గుర్తుపెట్టుకోండి. అది కుంటితే, స్కూల్ దాన్ని వేరే చోటికి పంపితే, చనిపోతే, ఆ దుఃఖం నిజమైనది. "గుర్రమే కదా" అన్న మాట ఆ రోజు నోట రాకూడదు.

మీ భయం గురించి కూడా మాట్లాడండి. కానీ గుర్రమెక్కబోయే ముందు గుమ్మంలో కాదు. వారంలో ఒక తీరిక సాయంత్రం, ఏది భయపెడుతోందో సూటిగా చెప్పండి: దూకడమా, ఆ ఫలానా గుర్రమా, ఒంటరిగా వెళ్లడమా? ఒక హద్దు ఇద్దరూ కలిసి పెట్టుకోండి. శిక్షకుడు లేకుండా దూకకూడదు, స్వారీ అయిన వెంటనే ఒక్క సందేశం పంపాలి. ఇలాంటివి రెండు చాలు. పెట్టుకున్నాక రెండువైపులా నిలబడండి. వారు సందేశం మరవకూడదు. అది వచ్చేదాకా మీరు ఫోన్ చేయకూడదు.

ఇవన్నీ చేసినా భయం పూర్తిగా పోదు. కానీ హెల్మెట్ సరైనదని, చీటీ సంచిలో ఉందని, ఆస్పత్రి దారి తెలుసునని, బీమా జవాబు చేతిలో ఉందని తెలిసినవారు తలుపు దగ్గర "జాగ్రత్త" అనాల్సిన పని లేదు. "వెళ్లి రా" అంటే చాలు.